కొక్కెం మీద ఎంత బరువు?

విరుదునగర్ నుంచి మానామదురై వైపు పోయే రైలు అరుప్పుక్కోట్టై, తిరుచ్చుళి దాటాక నరికుడిలో ఆగుతుంది. తిరుచ్చుళి రమణ మహర్షి పుట్టిన ఊరు కాబట్టి మనవాళ్ళకు ఆ పేరు తెలుసు. నరికుడి పేరు విన్నవాళ్ళు తక్కువ. 1801లో కుంపిణీ వాళ్ళు ఉరితీసిన మరుదు సోదరుల సొంత సీమ ఇది. రామేశ్వరం యాత్రికుల కోసం వాళ్ళే కట్టించారని చెప్పుకునే పాత సత్రం కూడా ఇక్కడుంది. అంటే పిల్లాజెల్లా, తట్టాబుట్టా వేసుకుని దూరాలు పోవడం ఈ దారులకు కొత్త కాదు. నేను వెళ్ళిందీ అలాంటి పని మీదే. ఒక పెద్ద కుటుంబం కొత్త ట్రాక్టర్ ట్రైలర్ ఎంచుకుంటుంటే చూడడానికి వాళ్ళ వెంట పట్టరైకి పోయాను. ఇక్కడ వర్క్‌షాపును అందరూ పట్టరై అనే అంటారు.

కొనేది నా స్నేహితుడి మేనమామ. స్నేహితుణ్ణి చూసి నేనూ ఆయన్ని మామ అనే పిలుస్తాను. వీళ్ళు చదివింది తమిళం, ఇంట్లో మాట్లాడేది తెలుగు. కోవిల్‌పట్టి, సాత్తూరు చుట్టూ నల్లరేగడి పల్లెల్లో ఇలాంటి ఇళ్ళు బోలెడు. కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసేవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ ఇంటి భాషా తెలుగే. మనవాళ్ళు ఈ నేలకు వలస వచ్చిన కథను ఆయన ‘గోపల్ల గ్రామం’ అని 1976లో తమిళంలో నవల రాశారు.

మామకు ముగ్గురు కొడుకులు. ఇద్దరు ఊళ్ళో, మూడోవాడు అమెరికాలో డాలస్ దగ్గర. కోడళ్ళు, మనవలు, మనవరాళ్ళు అందరూ ఆడి మాసం చివరి శుక్రవారం ఇరుక్కన్‌గుడి మారియమ్మ గుడికి పోవాల్సిందే. అర్జునా నది వచ్చి వైప్పారులో కలిసేచోట ఉంది ఆ గుడి. పొంగలి పెట్టి, అక్కడే వండుకు తిని, పడుకుని రావడం వీళ్ళ ఆనవాయితీ. ఇన్నేళ్ళూ పాత ట్రైలర్‌లో గడ్డి పరుచుకుని, పైన టార్పాలిన్ కట్టుకుని పోయారు. “ఇల్లు పెరిగింది, పెట్టె పెరగలే” అంటాడు మామ. అందుకే ఇంకా పొడుగు పెట్టె కావాలట, దాంట్లో రెండు వైపులా బెంచీలు కావాలట.

పట్టరై ఆ రైలు దారిలోనే ఉన్న అరుప్పుక్కోట్టై పొలిమేరలో ఉంది. ముందు రేకుల కొట్టం, వెనక వేపచెట్టు కింద పాత ఇరుసులు, అరిగిన టైర్లు, విరిగిన కమాను పట్టీలు. రెడ్ ఆక్సైడ్ పూసి ఆరబెట్టిన చట్రాలు వరసగా నిలబడి ఉన్నాయి. యజమానిది కోవిల్‌పట్టి వైపు ఆశారి కుటుంబం. వాళ్ళ తాత ఎడ్లబండ్లు చేసేవాడు, తండ్రి చెక్క చక్రం వదిలి టైరు బండికి వచ్చాడు, ఈయన వెల్డింగుకు వచ్చాడు. తెలుగు బాగానే మాట్లాడతాడు గానీ కొలతలు చెప్పేటప్పుడు తమిళంలోకి జారిపోతాడు.

మామ చెప్పిందంతా విని ఆయన బేరం మొదలుపెట్టలేదు. పెట్టె ఇంకా బిగించని ఒక రెండు చక్రాల చట్రం దగ్గరికి తీసుకుపోయాడు. ముందు కొక్కెం ఇనుప స్టాండు మీద ఆనించి ఉంది. కుర్రాణ్ణి పిలిచి పాత ఇనుము గోతాం ఒకటి ఇరుసుకు వెనక, చట్రం చివర పెట్టించాడు. కొక్కెం స్టాండు వదిలి గాల్లోకి లేచింది. అదే గోతాం ముందుకు జరిపితే దబ్బున స్టాండు మీద కూర్చుంది. మళ్ళీ ఇరుసు మీదికి లాగి, నన్ను కొక్కెం ఎత్తి చూడమన్నాడు. బరువుగానే ఉంది గానీ రెండు చేతులా ఎత్తగలిగాను.

“బండి కట్టినోడికి ఇది చెప్పాల్నా?” అన్నాడు మామ వంక చూసి. చెప్పక్కర్లేదు. ఎడ్లబండి తోలినవాడు బరువు వెనక్కి పోతే కాడి లేచి ఎద్దుల గొంతు బిగుస్తుందని, ముందుకు వస్తే మెడలు అణిగిపోతాయని చిన్నప్పుడే నేర్చుకుంటాడు. ట్రాక్టరుకూ అంతే. కొక్కెం మీద మరీ ఎక్కువ పడితే ముందు చక్రాలు తేలికై స్టీరింగు మాట వినదు. మనుషులు బస్తాల్లాగా పెట్టినచోట ఉండరు. పిల్లలంతా చూడ్డానికి వెనక తలుపు దగ్గరికి చేరితే లెక్క తప్పిపోతుంది. “మనుషులకు పెట్టె కట్టను. బెంచీలు కొట్టను” అని తేల్చేశాడు ఆశారి. ట్రాక్టర్ ట్రైలర్‌లో జనాన్ని ఎక్కించుకోవడం చట్టమూ ఒప్పదు. బోల్తా పడితే బీమా కోసం కోర్టుల చుట్టూ తిరగాలి. “అందరూ పోతాండారు కదా” అని మామ గొణిగాడు. పోతున్నారు, నిజమే. ఏటా ఎక్కడో ఒకచోట బోల్తా కొట్టిన వార్తా వస్తోంది. నాకైతే ఆశారి మాటే నచ్చింది.

ఇంతలో డాలస్ నుంచి వీడియో కాల్. అక్కడ పొద్దుపోయింది, ఇక్కడింకా ఎండ ఎక్కలేదు. మూడోవాడికి ఇద్దరు పిల్లలు, మూడో కాన్పు దగ్గరపడింది. వాడూ ట్రైలర్ కొనే ఆలోచనలోనే ఉన్నాడు. వాడిది పికప్ బండి వెనక తగిలించుకుపోయే ఇల్లు. వంటగట్టు, స్నానాల గది, పిల్లలకు ఒకదాని మీద ఒకటి పడకలు, అన్నీ ఫోన్లో చూపించాడు. అమెరికాలో తయారయ్యే ఇలాంటి ఇళ్ళబండ్లలో ఎక్కువ భాగం ఇండియానా రాష్ట్రంలోని ఎల్కార్ట్ చుట్టుపక్కల ఫ్యాక్టరీల నుంచే వస్తాయి. సొంతానికి కారు పెట్టుకోకుండా గుర్రపుబగ్గీల్లో తిరిగే ఆమిష్ జనం ఆ ఫ్యాక్టరీల్లో పెద్ద సంఖ్యలో పనిచేస్తారు. ఈ సంగతి చెబితే ఆశారికి భలే ముచ్చటేసింది.

కోడలికి నచ్చింది నాలుగు పడకల పొడుగాటిది. అన్నీ నింపుకుంటే ఎంత తూగుతుందని ఆశారి అడిగాడు. నిండు బరువు పరిమితి 3,400 కిలోలు. అక్కడి పద్ధతి ప్రకారం అందులో నూటికి 10 నుంచి 15 వంతులు కొక్కెం మీద పడాలి. అంతకంటే తగ్గితే పెద్ద రోడ్డు మీద ట్రైలర్ తోక ఊపడం మొదలుపెడుతుంది. నూటికి 12 వేసుకున్నా 408 కిలోలు. పికప్ మోయగలిగేది ఎంతో డ్రైవర్ తలుపు దగ్గర అంటించిన చీటీలో ఉంటుంది. వాడి బండికి 680. మొగుడూపెళ్ళాలు, ఇద్దరు పిల్లలు, వాళ్ళ సీట్లు, చిల్లర సామాను కలిపి 230 దాకా ఉంటుంది. 680లో ఈ రెండూ తీసేస్తే మిగిలేది 42 కిలోలు. కొక్కేనికి కట్టే ఇనుప సరంజామాకే అందులో చాలా భాగం పోతుంది. ఇక పుట్టబోయే బిడ్డ, ఆ బిడ్డ సీటు, తోపుడుబండి ఎక్కడ?

అమ్మేవాళ్ళు చూపించేది ఖాళీ బరువు. నీళ్ళ తొట్టి నిండితే లీటరుకు కిలో చొప్పున పెరుగుతుంది, 150 లీటర్లు పోస్తే 150 కిలోలు. ఆ తొట్టి ఇరుసుకు ముందుందా వెనకుందా అన్నదాన్నిబట్టి కొక్కెం మీద బరువూ మారిపోతుంది. పడకలు లెక్కపెట్టి ట్రైలర్ కొనేవాళ్ళే ఎక్కువని నా అనుమానం. కుటుంబం పెరిగేకొద్దీ ముందు నిండిపోయేది లాగే బండి. ఎందుకంటే దారిలో పిల్లలు కూర్చునేది అందులోనే. నడుస్తున్న ట్రైలర్‌లో మనుషులు కూర్చోవడాన్ని అక్కడ కూడా అనేక రాష్ట్రాలు ఒప్పుకోవు. ఇది విన్నాక మామ బెంచీల మాట మళ్ళీ ఎత్తలేదు.

కొడుకు పొట్టిదానికి దిగాడు. రెండే పడకలు ఉన్నా, భోజనాల బల్లను రాత్రిపూట పడకగా మార్చుకోవచ్చు. కొనేముందు ఖాళీ బరువు, నిండు బరువు, తొట్టి ఉన్నచోటు మూడూ రాసి పంపమని అమ్మేవాళ్ళను అడుగుతానన్నాడు. పుట్టబోయే బిడ్డ పడక వయసుకు వచ్చేసరికి లాగే బండిని మార్చుకోవచ్చని ఆశారి సలహా.

మామ పెట్టె పొడుగు పెంచలేదు. పాత కొలతకే మందపు రేకు, కొత్త ఇరుసు, వెనక ఎర్రగా మెరిసే పట్టీలు చెప్పాడు. అందులో వంటపాత్రలు, బియ్యం, చాపలు, టార్పాలిన్, నీళ్ళ డ్రమ్ములు. డ్రమ్ములు ఇరుసు మీదే నిలిచేలా అడుగున అడ్డకమ్మీలు వేస్తానన్నాడు ఆశారి. మనుషులకు అద్దె వ్యాను. ఆ ఖర్చు ఎవరు పెట్టుకోవాలని పట్టరైలోనే అన్నదమ్ములు వాదించుకున్నారు. అత్తకు వ్యానంటే అసలే పడదు. కాళ్ళు చాపుకుని పడుకోవడానికి ఉండదట, దారిలో చింతచెట్టు కనిపించినా ఆపరట. మామ అడ్వాన్సు ఇచ్చి రసీదు తీసుకున్నాడు. వ్యాను సంగతి ఇంటికి పోయి మాట్లాడుకుందామన్నాడు.