గాలికొండ ఎక్కిన రోజు

నలభై ఆరేళ్ళ వయసులో సైకిలు మీద అరకు వెళ్ళానంటే నవ్వుతారేమో! ఇంటర్ చదివిన రెండేళ్ళూ కాలేజీకి సైకిలు మీదే వెళ్ళేదాన్ని. పెళ్ళయ్యాక మళ్ళీ తొక్కింది కిందటేడే, మా అబ్బాయి గేర్ల సైకిలు కొనిపెట్టాక. నవంబరులో మావారూ, వాడూ, నేనూ విశాఖ నుంచి అరకు మీదుగా జగదల్‌పూర్‌కి బయల్దేరాం. 300 కిలోమీటర్ల పైనే. సామాన్ల వ్యాను వెనకే వచ్చింది. "కాళ్ళు నొప్పెడితే వ్యాన్లో కూర్చో" అని మా అత్తగారు పదిసార్లు చెప్పి పంపారు.

మొదటి రోజు శృంగవరపుకోట దాకా హాయిగా వెళ్ళాం. అసలు పరీక్ష రెండో రోజే! అక్కణ్ణుంచి అరకు సుమారు 60 కిలోమీటర్లు. బొడ్డవర దాటితే ఘాట్ రోడ్డు. ఒక మలుపు తిరగ్గానే హమ్మయ్య అనుకుంటామా, ఇంకో మలుపు సిద్ధం. అన్నిటికన్నా తేలిక గేరు వేసినా చక్రం కదలదే! టైడా దాటేసరికి చీర కొంగులాగా చున్నీ తడిసి ముద్దయింది.

అనంతగిరి ఇంకా రాకముందే పిక్క పట్టేసింది. సైకిలు పక్కన పడేసి రోడ్డు వారన కూలబడ్డాను. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. వ్యాను ఆగింది. "ఎక్కెయ్, ఎవరేమంటారు?" అన్నారు మావారు. నిజమే, ఎవరూ ఏమీ అనరు. కానీ ఇవాళ ఎక్కితే రేపు బయల్దేరనివ్వరని నాకు తెలుసు.

ఇంతలో నెత్తిన కట్టెల మోపుతో ఒకామె ఎక్కుతూ వచ్చింది. నన్ను చూసి ఆగి, "ఏటమ్మా, అలిసిపోనావా? నడిసెల్తే మాత్రం అరకు రాదేటి?" అని నవ్వుకుంటూ వెళ్ళిపోయింది.

ఉప్పూ పంచదారా కలిపిన నీళ్ళు తాగి, రెండు సున్నుండలు తిని, పిక్క రుద్దుకుని లేచాను. సైకిలు తోసుకుంటూ రెండు మలుపులు నడిచాను. నొప్పి తగ్గాక మళ్ళీ ఎక్కాను. సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ మొక్కలు, చెట్లకి అల్లుకున్న మిరియం తీగలు అప్పుడు కనబడ్డాయి. అప్పటిదాకా నేను చూసింది ముందు చక్రాన్నే!

గాలికొండ దగ్గర రోడ్డు అరకు కన్నా ఎత్తుకెక్కి, మళ్ళీ దిగుతుంది. మూడు దాటింది చేరేసరికి. చల్లగాలి మొహానికి కొడుతుంటే అత్తగారికి ఫోను చేశాను. "వ్యాన్లోనేనా?" అన్నారు. "కాదండీ, సైకిలు మీదే" అన్నాను. కాసేపాగి, "పులిహోర తిన్నావా?" అన్నారు. ఆవిడ మెచ్చుకోవడం అలాగే ఉంటుంది లెండి.

దిగడం తేలికనుకోకండి. బ్రేకులు అదేపనిగా నొక్కి ఉంచితే వేడెక్కిపోతాయి. రెండూ కలిపి నొక్కుతూ వదులుతూ, మలుపుకి ముందే వేగం తగ్గించుకోవాలి. సుంకరమెట్ట దాటి లోయలోకి వచ్చేసరికి వలిసె పూలు పచ్చగా విరగబూసి ఉన్నాయి. పొద్దుగూకే వేళకి అరకు చేరాం.

మీ ఇంట్లో పిల్లల పాత సైకిలుంటే దులిపి చూడండి. ముందు పాల ప్యాకెట్టుకి వెళ్ళి రండి. కొండల సంగతి తర్వాత. అలిసిపోతే దిగి నడవండి, తప్పేం లేదు. ఆ కట్టెలావిడ మాట నిజం, నడిచినా అరకు వస్తుంది!