లేని భవనాల వెంట అర్బానాలో

షికాగో నుంచి దక్షిణంగా సుమారు 220 కిలోమీటర్లు. రైలు ఊరు దాటాక కిటికీలోంచి కనిపించేవి రెండే పైర్లు: మొక్కజొన్న, సోయా. అక్టోబరు కావడంతో సగం చేలు కోతలైపోయి బోసిగా ఉన్నాయి. గుట్టన్నది లేని ఆ చదును నేలలో షాంపేన్, అర్బానా అని రెండు ఊళ్ళు ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. రెండింట్లోనూ పరుచుకుని ఉంది ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం. గ్రీన్ స్ట్రీట్‌లో కాసేపు నడిస్తే చాలు, ఏదో ఒక మూల నుంచి "ఒరేయ్, బస్సొచ్చేస్తోంది" అని వినబడుతుంది. మా మేనకోడలు అక్కడే ఎమ్మెస్ చేస్తోంది.

బయల్దేరే ముందే ఆ విశ్వవిద్యాలయం వారి డిజిటల్ చిత్ర సేకరణల్లో చాలాసేపు గడిపాను. క్యాంపస్ చరిత్ర, భవనాలు, శిల్పాలు, పాత ఇయర్‌బుక్కులు ఇంట్లో కూర్చుని చూడొచ్చు. వాళ్ళ ఆర్కైవ్స్ విభాగం 1963లో ఏర్పడింది. అక్కడ ప్రతి సేకరణకూ ఒక సంఖ్య ఉంటుంది. విషయాలవారీగా సర్దిన ఫోటోల సేకరణది 39/2/20. బొమ్మ మన చేతికి ఏ దారిన వచ్చినా, ఆ సంఖ్య ఉంటే అసలు ప్రతి ఏ సేకరణలోదో పట్టుకోవచ్చు. నచ్చినవి ఫోన్లోకి దింపుకుని, చూడాల్సిన చోట్ల జాబితా మేనకోడలికి పంపాను. "మామయ్యా, ఇందులో సగం ఇప్పుడు లేవు" అని జవాబు పెట్టింది. నాకు కావలసిందీ అవే. ఉన్నవాటిని చూడ్డానికి కళ్ళు చాలు.

మొదట మెయిన్ క్వాడ్‌కి వెళ్ళాం. మధ్యలో పచ్చిక, నాలుగు వైపులా భవనాలు. దక్షిణాన 1907 నాటి గుమ్మటపు ఆడిటోరియం, ఉత్తరాన ఇల్లినీ యూనియన్. పిల్లలు కాఫీ తాగుతూ, లాప్‌టాప్‌లు ఒళ్ళో పెట్టుకుని కూర్చునే ఈ యూనియన్ 1941లో తెరిచారు. దానికి ముందు అక్కడ యూనివర్సిటీ హాల్ ఉండేది. 1873లో కట్టి, 1938లో పడగొట్టారు. ఫోన్లో ఉన్న ఫోటోని ఎదురుగా ఎత్తిపట్టి చూశాను. ఎత్తైన గోపురాలు, వరసగా కిటికీలు. చుట్టూ చెట్లు ఇంకా ఎదగలేదు. 1868లో యాభైమంది విద్యార్థులతో మొదలైన బడికి అంత పెద్ద ఇల్లు కట్టడమంటే గుండె ధైర్యం కావాలి.

ఆ ధైర్యం మొదటి అధిపతి జాన్ మిల్టన్ గ్రెగరీది. చుట్టుపక్కలంతా రైతులు. బడి పేరే ఇల్లినాయ్ పారిశ్రామిక విశ్వవిద్యాలయం. అలాంటిచోట ఆయన కళల గ్యాలరీ ఒకటి ఉండాలని పట్టుబట్టి, యూరప్ వెళ్ళి ప్రసిద్ధ శిల్పాలకు ప్లాస్టర్ నకళ్ళు కొనుక్కొచ్చాడు. 1874లో పెట్టెలు విప్పి చూస్తే చాలా బొమ్మలు దారిలోనే ముక్కలైపోయాయి. వాటిని అతికించే పనిలో భూగర్భశాస్త్రం ఆచార్యుడు డాన్ కార్లోస్ టాఫ్ట్, ఆయన కొడుకు లొరాడో కూర్చున్నారు. లొరాడోకి అప్పుడు పద్నాలుగేళ్ళు. ముక్క ముక్క పేర్చుతూ శిల్పం లోపలి లెక్క చూసిన ఆ కుర్రాడు 1879లో ఇక్కడే పట్టా పుచ్చుకుని, పారిస్ వెళ్ళి శిల్పవిద్య నేర్చుకున్నాడు. గ్యాలరీ ఉన్న యూనివర్సిటీ హాల్ పోయింది. సాయంత్రం పూట పిజ్జా కోసం పిల్లలు బారులు తీరేది ఆ నేల మీదే.

లొరాడో టాఫ్ట్ పని మాత్రం క్యాంపస్ నిండా ఉంది. గ్రంథాలయం దగ్గర, ఆడిటోరియం దగ్గర రాతిలోంచి సగమే బయటికొచ్చిన మనుషులు వంగి, ముడుచుకుని కనిపిస్తారు. జలప్రళయం తర్వాత డ్యుకాలియన్ దంపతులు వెనక్కి విసిరిన రాళ్ళు మనుషులయ్యాయన్న గ్రీకు కథ అది. షికాగోలో పెద్ద ఫౌంటెన్‌గా పెట్టాలని టాఫ్ట్ అనుకున్నాడు. అది పూర్తికాలేదు. 1936లో ఆయన పోయాడు.

అందరూ వచ్చి ఫోటో దిగేది గ్రీన్, రైట్ వీధుల కూడలిలో. అక్కడే ఆల్మా మేటర్: చేతులు చాచిన కంచు తల్లి, వెనక చేయీ చేయీ కలిపిన విద్య, శ్రమ అనే రెండు మూర్తులు. టాఫ్ట్ చేసిందే. 1929 జూన్ 11న ఆవిష్కరించారు. మేం వెళ్ళేసరికే నలుగురైదుగురు వరసలో ఉన్నారు.

"ఇక్కడ ఫోటో దిగకుండా ఎవరూ ఇంటికెళ్ళరు. అమ్మావాళ్ళు వచ్చినప్పుడు మేమూ దిగాలి" అంది మేనకోడలు.

నా ఫోన్లో బొమ్మ చూపించాను. అందులో ఈ తల్లి ఆడిటోరియం వెనక ఉంది. 1962 దాకా అక్కడే ఉండేది. ఇంకో కలర్ ఫోటోలో ఒళ్ళంతా పచ్చగా ఉంది.

"రంగు ఎవరో మార్చినట్టున్నారు, మామయ్యా."

మార్చింది వానలూ, గాలీ. కంచు ఎండావానల్లో దశాబ్దాలు నిలబడితే పచ్చబడుతుంది. 2012లో విగ్రహాన్ని బాగుచెయ్యడానికి తీసుకెళ్ళారు. 2014 ఏప్రిల్లో తిరిగొచ్చేసరికి పచ్చదనం పోయి కంచు రంగు తేలింది. ఈ తరం పిల్లలకు ఆమె ఎప్పుడూ ఇదే రంగు, ఇదే చోటు. వాళ్ళ తాతల కాలం ఫోటోలో రంగూ వేరు, చోటూ వేరు.

ఇక మన సంగతి. రవీంద్రనాథ్ ఠాగూర్ కొడుకు రథీంద్రనాథ్ 1906లో వ్యవసాయం చదవడానికి ఇక్కడికే వచ్చి 1909లో డిగ్రీ తీసుకున్నాడు. విదేశీ విద్యార్థులతో మొదలైన కాస్మోపాలిటన్ క్లబ్బు స్థాపకుల్లో ఆయనొకడు. 1912 చివర్లో ఠాగూరే కొడుకూ కోడళ్ళతో వచ్చి అర్బానాలో కొన్ని నెలలున్నాడు. నోబెల్‌కి ఇంకా ఏడాది ఉంది. ఇక్కడి యూనిటేరియన్ ప్రార్థనామందిరంలో చేసిన ప్రసంగాలే తర్వాత 'సాధన' పుస్తకమయ్యాయి. ఆ చిన్న మందిరం ఇప్పటికీ ఉంది. మదనపల్లెలో ఠాగూర్ బస చేసిన చోటు చూసినవాణ్ణి కాబట్టి, దీని ముందు కాసేపు ఆగాలనిపించింది. గ్రీన్ స్ట్రీట్ తెలుగు పిల్లలకు నూరేళ్ళకు పైబడ్డ సీనియర్ రథీంద్రనాథ్.

ఈ బొమ్మలన్నీ నా ఫోన్లోకి వచ్చిన దారికీ ఈ ఊరితో చుట్టరికముంది. 1993లో ఇక్కడి సూపర్ కంప్యూటింగ్ కేంద్రంలోనే మోజాయిక్ బ్రౌజర్ పుట్టింది. అక్షరాల పక్కనే, అదే పేజీలో బొమ్మ చూడడాన్ని మామూలు జనానికి అలవాటు చేసింది అదే.

చివరగా మారో ప్లాట్స్. 1876 నుంచి ఆగకుండా పంట పండిస్తున్న ప్రయోగ క్షేత్రం. క్యాంపస్ నడిబొడ్డున, ఖరీదైన నేలలో మొక్కజొన్న! దీని పక్కనే విద్యార్థుల గ్రంథాలయం కట్టాల్సి వస్తే, నీడ పడి ప్రయోగం చెడుతుందని భూమి లోపలికి కట్టారు. 1969లో తెరిచిన ఆ గ్రంథాలయాన్ని 2022లో మూసేశారు. దాన్ని ఆర్కైవ్స్‌కీ, అరుదైన సేకరణలకూ నిలయంగా మార్చాలన్నది నిర్ణయం. అంటే నేను ఫోన్లో మోసుకు తిరిగిన ఫోటోల అసలు ప్రతుల్లాంటివి చేరాల్సింది ఈ నేల కిందికే. మొక్కజొన్నకు ఎండ తగలాలి, పాత ఫోటోకి ఎండ తగలకూడదు. పంట కోసం తవ్విన గొయ్యి ఫోటోలకు సరిగ్గా సరిపోయింది.