సద్దికి నీళ్లు, నీడ

వాషింగ్టన్ రాష్ట్రంలో పసిఫిక్ ఒడ్డున లాంగ్ బీచ్ అనే చిన్న ఊరుంది. ఏటా ఆగస్టులో అక్కడ అంతర్జాతీయ గాలిపటాల పండుగ జరుగుతుంది. గాలిపటాల కోసమే ఒక మ్యూజియం కూడా ఉంది. సియాటిల్ వైపు ఉండే మేం వీలైనప్పుడల్లా వెళ్తాం. ఆకాశం నిండా రంగులే, అయినా నన్ను కట్టిపడేసేది సాయంత్రం ఆట ముగిశాక జరిగే పని. తల నెరిసిన పెద్దవాళ్లు ఇసుకలో మోకాళ్ల మీద కూర్చుని దారం చుట్టుకుంటారు. వేళ్ల మధ్య నుంచి పోనిస్తూ, ఎక్కడ గరుకు తగిలితే అక్కడ ఆగి చూస్తారు.

ఇక్కడ విన్యాసాల గాలిపటానికి రెండు దారాలుంటాయి, కొన్నింటికి నాలుగు. గాలిపటం గిర్రున తిరిగినప్పుడల్లా అవి పెనవేసుకుంటాయి, అయినా ఒకదాని మీద ఒకటి జారాలి. స్పెక్ట్రా, డైనీమా పేర్లతో దొరికే ఈ దారం పాలిథిలీన్ పోగుల అల్లిక. నీళ్లు పీల్చదు గానీ సందుల్లో సన్న ఇసుక, ఉప్పు చేరతాయి. అప్పుడు దారమే దారాన్ని అరగదీస్తుంది. అందుకే ఇంటికి రాగానే చుట్టను గోరువెచ్చని నీళ్లలో, గిన్నెలు తోమే సబ్బు నాలుగు చుక్కలు వేసి నానబెడతాను. మంచినీళ్లలో బాగా జాడించి నీడన ఆరేస్తాను. వేడికి మాత్రం దూరంగా ఉంచాలి, 150 డిగ్రీలు వచ్చేసరికి కరిగిపోయే సరుకది. ఆరాక రెండు దారాలనూ ఒకే మేకుకు తగిలించి లాగి చూస్తాను. వాడేకొద్దీ ఒకటి సాగుతుంది. పొడుగైనదాని ముడి జరిపి సమానం చేయకపోతే గాలిపటం ఒక పక్కకే ఒరుగుతుంది.

కోదాడలో మా పెదనాన్న సద్దిని, అంటే గాజు పూత లేని ఉత్త నూలు దారాన్ని, ఇంతకన్నా శ్రద్ధగా చూసుకునేవాడు. సంక్రాంతికి నాగార్జునసాగర్ ఎడమ కాలువ గట్ల మీద, కోసిన మళ్లలో ఎగరేసేవాళ్లం. పండుగ వెళ్లాక దారమంతా రెండు వేపచెట్ల మధ్య చుట్లు చుట్లుగా కట్టి, తడిగుడ్డ పట్టుకుని ఈ కొస నుంచి ఆ కొసకు నడిచేవాడు. మిర్యాలగూడలో మా మేనత్త వాళ్ల డాబా మీద ఎగరేసినదైతే గుడ్డ ఇంకా నల్లబడేది. రైస్ మిల్లుల ఊక దుమ్ము, బూడిద మరి. నూలు తడిస్తే బలం తగ్గదు, కాస్త పెరుగుతుంది కూడా. తడి ఆరకుండా చుట్టిపెడితే పట్టే బూజే దాన్ని తినేస్తుంది. ఎండ తగలని చోట పూర్తిగా ఆరాకే చరఖాకు, అంటే దారం చుట్టే కండెకు, చుట్టనిచ్చేవాడు, అదీ బిగించకుండా. ఆ సద్దే మరుసటేడు మళ్లీ ఎగిరేది.

మాంజాకు ఆ బతుకు లేదు. గంజిలో గాజుపొడి కలిపి పూసిన దారాన్ని తడిగుడ్డతో తుడిస్తే పూత రాలుతుంది, చెయ్యి తెగుతుంది. ఆ తర్వాత చైనా మాంజా పేరుతో నైలాన్ దిగింది. అది తెగదు, చివకదు, చెట్ల కొమ్మల్లో పక్షుల రెక్కల కోసం ఏళ్ల తరబడి కాచుకుని ఉంటుంది. తెలంగాణ ప్రభుత్వం 2016 జనవరిలో నిషేధించింది, 2017 జులైలో జాతీయ హరిత ట్రిబ్యునల్ దేశమంతటా వద్దంది. అయినా 2024 సంక్రాంతి ముందు హైదరాబాద్ లంగర్‌హౌజ్‌లో బైకు మీద ఇంటికి పోతున్న ఒక సైనికుడి మెడ కోసి ప్రాణం తీసింది. సూర్యాపేట, కోదాడ రెండూ 65వ జాతీయ రహదారి మీది ఊళ్లు. పండుగకు హైదరాబాద్ నుంచి బైకుల మీద ఊళ్లకు వచ్చేవాళ్లు ఆ రోడ్డునే వస్తారు. జనవరి వస్తే నా భయమంతా వాళ్ల గురించే.

"కోసుడు లేకుంటే మజా ఏముంటది మామా?" అంటాడు సూర్యాపేటలో మా అక్క కొడుకు. సద్దితో సద్దినీ కోయొచ్చురా అని చెప్పాను. పేంచ్ పడ్డప్పుడు, అంటే రెండు దారాలు కలిసినప్పుడు, కదలకుండా నిలిచినదే అరిగి తెగుతుంది. అదును చూసి ఢీలు వదిలేవాడిది, గబగబా గుంజేవాడిది పైచెయ్యి. గాజు పూత ఉంటే డబ్బున్నవాడి మాంజా గెలుస్తుంది. ఉత్త సద్ది అయితే పిగిలిన చోటు ముందే పట్టుకున్నవాడు గెలుస్తాడు. అంత ఒద్దికగా చూసుకున్న దారాన్ని ఏ పిల్లాడూ కరెంటు తీగ మీద వదిలేసి రాడని నా నమ్మకం. చైనా మాంజా అమ్మే దుకాణాల మీద దాడులు జరగాల్సిందే. దాంతోపాటు కోదాడ, మిర్యాలగూడ, సూర్యాపేట మూడు ఊళ్లలోనూ బడి పిల్లలకు సద్ది తుడవడం, ఆరేయడం, చుట్టడం ఎవరైనా నేర్పితే బాగుండును.

మొన్న వాడు డాబా మీద సద్ది విప్పి వీడియో కాల్‌లో చూపించాడు. ఒక కొస దగ్గర బాగా పిగిలింది. అక్కడ కోసి ముడెయ్యమన్నాను, చరఖాకు ముందు ఆ కొసనే చుట్టమన్నాను. ముడి చేతి వైపే ఉండిపోతుంది. పేంచ్ పడేది పతంగి వైపు దారం మీద.