వైపరుకూ ఒక కార్తె ఉంది

కారు కొన్నవాడు ఇంజను చూస్తాడు, టైర్లు చూస్తాడు, రంగు చూసి మురిసిపోతాడు. అద్దం మీద పడుకున్న ఆ రెండు నల్లని చేతులను మాత్రం ఎవరూ పలకరించరు. ఏడాదిలో ఎక్కువ నెలలు వాటికి పని ఉండదు. పని పడిననాడు మాత్రం బండిలో ఉన్నవాళ్ళ ప్రాణాలన్నీ వాటి మీదనే.

వాటి పుట్టుక కూడా ఎవరూ పట్టించుకోని కథే. న్యూయార్కు మంచులో అద్దం తెరుచుకొని చలికి వణుకుతూ ట్రాము నడిపేవాణ్ణి చూసింది మేరీ ఆండర్సన్ అనే అమెరికా మహిళ. లోపలినుండి పిడి తిప్పితే బయట అద్దం తుడిచే రబ్బరు చెయ్యికి 1903లో పేటెంటు పొందింది. కొనేవాళ్ళే దొరకలేదు. మన దేశంలో 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాలు వైపరు ఉండితీరాలన్నాయి. అయితే ఉండటం వేరు, తుడవటం వేరు.

మాది నిజాంసాగర్ దగ్గరి మహమ్మద్‌నగర్. మా చిన్నాయన కిరాయి కారు నడుపుతాడు. ఒక శ్రావణమాసపు రాత్రి మా అక్కను కాన్పుకు బాన్సువాడ తీసుకుపోతున్నాం. కుండపోత వాన. నడిదోవలో డ్రైవరు వైపు వైపరు ఆగిపోయింది. ఎదుట నీళ్ళే తప్ప రోడ్డు లేదు. వెనుక సీటులో అక్క మూలుగుతున్నది. చిన్నాయన బండి పక్కకు ఆపి, ఒక్క క్షణం చూసి, "అవతలిది ఆడుతున్నది గదరా, మోటరు మంచిగనే ఉన్నది. దీని నట్టే వదులైంది. పానా అందుకో" అన్నాడు. అంతకు వారం ముందే, పేరెందుకు గాని, ఒక షెడ్డులో అద్దం మార్చి నట్టు సరిగా బిగించలేదు. అయిదు నిమిషాల్లో బండి కదిలింది. తెల్లవారుజామున నాకు మేనకోడలు పుట్టింది.

ఆయన దగ్గర నేర్చుకున్నది ఇది. మోటరు చప్పుడే లేకపోతే ముందు ఫ్యూజు చూడాలి. చప్పుడు వచ్చి చేతులు కదలకపోతే నట్లు, కింది కడ్డీలు చూడాలి. అద్దం మీద చారలు మిగిలితే రబ్బరు అంచు పోయినట్టు. టకటకా ఎగిరితే అద్దం మీద జిడ్డయినా ఉండాలి, చెయ్యయినా వంగి ఉండాలి. వరికోతల కాలంలో పొట్టు, దుమ్ము అద్దమంతా పరుచుకుంటాయి. నీళ్ళు చల్లకుండా వైపరు వేస్తే అది గరుకు కాగితంలా గీకుతుంది. రబ్బరు మార్చేటప్పుడు లేపిన చెయ్యి జారి కొడితే అద్దమే పగులుతుంది. కింద మడతగుడ్డ వేయాలి. వెనకటి లారీ డ్రైవర్లు వైపరు చెడితే బీడీ పొగాకు తడిపి అద్దానికి రుద్దేవారు. బొట్లు నిలవకుండా నీరు పలుచగా పరుచుకునేది. అది గండం గడిచే ఉపాయమే గాని వైద్యం కాదు.

అసలు రబ్బరును చంపేది వాన కాదు, ఎండ. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. రోళ్ళే పగిలే ఎండకు రబ్బరెంత? మృగశిరకు ముందు రైతు పనిముట్లు సరిచూసుకుంటాడు. ఆ వారమే చిన్నాయన వైపరు రబ్బరును వేలితో తడిమి చూస్తాడు. బిరుసెక్కితే మార్చేస్తాడు.

2025 ఆగస్టు చివర మా కామారెడ్డి జిల్లాలో రోడ్లే కొట్టుకుపోయేంత వాన కురిసింది. ఆనాడు ఎవరో కిరాయికి పిలిస్తే ఆయన బండి తీయలేదు. కొత్త రబ్బర్లే కదా అన్నాను నేను.

"వైపరు నీళ్ళను తుడుస్తది బిడ్డా, వాగును తుడుస్తదా?" అన్నాడు.