లేత ఎండలో రేపల్లె బండి

తెనాలిలో పొద్దున్నే రేపల్లె బండి ఎక్కుతున్నారా? అయితే ఎడమవైపు కిటికీ పక్కన కూర్చోండి. బండి ఆగ్నేయంగా సాగుతుంది కాబట్టి లేత ఎండ అటునుంచే పడుతుంది. సంక్రాంతి రోజుల్లో అయితే వరి కోసిన మళ్లలో మినుము పచ్చగా పరుచుకుని ఉంటుంది. వేమూరు, భట్టిప్రోలు దాటేదాకా ఆ వెలుగు మొహాన్ని వదలదు. కళ్లమీద పడుతోందని షట్టర్ దించేసేవాళ్లూ ఉంటారు. పాపం, ఆ రాత్రి నిద్రకు మందు అదేనని వాళ్లకు తెలియదు!

పొద్దుటి ఎండకూ రాత్రి నిద్రకూ సంబంధమేమిటంటారా? మన మెదడులో ఒక గడియారం ఉంది. చిక్కేమిటంటే అది సరిగ్గా 24 గంటలకు తిరగదు. సగటున మరో పది నిమిషాలు ఎక్కువ తీసుకుంటుందని హార్వర్డ్ పరిశోధకులు 1999లో తేల్చారు. రోజూ ఎవరో ఒకరు ముల్లు సరిచేయాలి. ఆ పని చేసేది వెలుగే, అదీ కళ్ల ద్వారా. కంటి వెనకపొరలో చూపుతో పనిలేకుండా కేవలం వెలుతురును కొలిచే ప్రత్యేక కణాలున్నాయని 2002లో బయటపడింది. పొద్దున వెలుగు తగిలితే గడియారం ముందుకు జరుగుతుంది. సుమారు పద్నాలుగు గంటల తర్వాత నిద్రకు దారితీసే మెలటోనిన్ ఊరడం మొదలవుతుంది. రాత్రి పదకొండింటికి సెల్‌ఫోన్ వెలుగు తగిలితే అదే ముల్లు వెనక్కి పోతుంది.

ఇంట్లో ట్యూబులైటు వేసుకున్నాం కదా, అది చాలదా? చాలదు. గదిలో వెలుతురు మహా అయితే రెండు మూడు వందల లక్స్. పొద్దుపొడిచిన గంటకు ఆరుబయట అది పదివేలు దాటుతుంది. మబ్బు పట్టినా గదికంటే ఎన్నో రెట్లు ఎక్కువే. మన కంటికి ఆ తేడా తెలియదు గానీ మెదడుకు బాగా తెలుసు. అమెరికాలోని కొలరాడోలో కెన్నెత్ రైట్ అనే శాస్త్రవేత్త ఎనిమిది మందిని వారంపాటు కొండల్లో గుడారాల్లో ఉంచారు. రాత్రిపూట నెగడు తప్ప మరో దీపం లేదు. వారం తిరిగేసరికి వాళ్ల ఒంటి గడియారం సుమారు రెండు గంటలు ముందుకొచ్చింది. ఈ సంగతి 2013లో వెలువడింది.

మన డెల్టావాసులకు గుడారాలు అక్కర్లేదు. తెనాలిలో మూడు కాలువలున్నాయి, గట్లున్నాయి. ఆంధ్రా ప్యారిస్ అన్న పేరెలా ఉన్నా, పొద్దున ఆరున్నరకు కాలువ గట్టున నడవడం మాత్రం ఈ ఊరి భోగమే. భౌగోళికంగానూ మనం అదృష్టవంతులం. దేశం గడియారమంతా కాకినాడ పక్కగా వెళ్లే 82.5 డిగ్రీల రేఖాంశం లెక్కన నడుస్తుంది. తెనాలికి ఆ రేఖతో తేడా ఏడెనిమిది నిమిషాలే. అదే గుజరాత్‌లోని ద్వారకకైతే ముప్పావుగంట పైమాటే. అంటే గోడ గడియారం, సూర్యుడు ఒకే మాట మీద ఉండే ఊళ్లు మనవి.

ఒక అపోహ కూడా చెప్పుకోవాలి. పొద్దున ఏడింటి ఎండలో నిలబడితే డి విటమిన్ వచ్చేస్తుందనుకుంటాం. దానికి కావలసిన కిరణాలు అప్పుడు చాలా తక్కువ, పొద్దెక్కాకే ఎక్కువ. పొద్దుటి ఎండ ఉపయోగం వేరు, గడియారం సరిచేయడం. అలాగని సూర్యుణ్ణి సూటిగా చూడకూడదు. ఆరుబయట ఉంటే చాలు.

బండి దిగి రేపల్లె నుంచి నిజాంపట్నం వైపు వెళ్తే కథ తిరగబడుతుంది. రొయ్యల చెరువుల్లో రాత్రిపూట ఆక్సిజన్ పడిపోతుంది కాబట్టి ఏరేటర్లు తిరుగుతూ ఉండాలి, వాటికి కాపలా ఉండాలి. తెల్లారి ఇంటికెళ్లి పడుకోవాలనుకునే ఈ మనుషులకు లేత ఎండే శత్రువు. నిద్రపోవాల్సిన వేళ మేలుకోమంటుంది. అలాంటివాళ్లు నల్లకళ్లద్దాలు పెట్టుకుని ఇంటికెళ్లి, చీకటి గదిలో పడుకోవడం మేలు. రాత్రి డ్యూటీ ఉద్యోగులు ఎవరికైనా ఇంతే. అందరికీ ఒకటే సలహా పనికిరాదు.

అసలు బెంగ పిల్లల గురించి. ఇంటర్ కోసం రెసిడెన్షియల్ కాలేజీల్లో చేర్చిన పిల్లలను తలుచుకోండి. తెల్లారకముందే స్టడీ అవర్, తర్వాత టిఫిను, ఆ వెంటనే క్లాసు. రాత్రి పదింటిదాకా ట్యూబులైట్లు. ఎండ పొడ తగలని రోజులెన్నో. ఆ వయసులో ఒంటి గడియారం సహజంగానే ఆలస్యంగా నడుస్తుంది. పొద్దుటి వెలుగు కూడా లేకపోతే రాత్రి పన్నెండైనా నిద్రపట్టదు, పొద్దున లేపితే లేవరు. మనం బద్ధకమంటాం. చేర్చేటప్పుడు ఏసీ ఉందా, ర్యాంకులెన్ని అని అడుగుతాం. పొద్దున ఓ అరగంట డాబా మీదికో మైదానంలోకో వదులుతారా అని కూడా అడిగితే ఏం పోయింది? పుస్తకం పట్టుకునే వెళ్లమనండి!

సెలవులకు ఇంటికొచ్చిన పిల్లలను బాపట్ల దగ్గరి సూర్యలంకకు తీసుకెళ్లండి. రేపల్లె నుంచి చెరుకుపల్లి మీదుగా బాపట్ల, అక్కణ్ణుంచి తొమ్మిది కిలోమీటర్లు. తీరం ఆగ్నేయానికి తిరిగి ఉంటుంది. చలికాలంలో సూర్యుడు నేరుగా నీళ్లలోంచే లేచినట్టుంటాడు. డిసెంబరు, జనవరిల్లో ఆరున్నర ప్రాంతంలోనే ఉదయం కాబట్టి మరీ చీకటితో పరుగెత్తనక్కర్లేదు. మేలో అయితే అయిదున్నరకే అక్కడుండాలి, ఎనిమిదయ్యేసరికి ఇసుక కాళ్లు కాలుస్తుంది. ఆటో ముందురోజే మాట్లాడుకోండి. అలల్లో మరీ లోపలికి దిగొద్దు, ఇక్కడ మునిగిపోయిన ఘటనలున్నాయి. ఫొటోలు తీసుకోవడం అయ్యాక ఫోన్లు మాత్రం సంచిలో పెట్టించండి.