ముందు వైరు చూడాలి

హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి ఇవ్వమని తమ్ముళ్లు ఫోన్ చేసినప్పుడు మేము ముగ్గురం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. మేము కవులం కాము, కథకులం అంతకన్నా కాము. "మీకు తెలిసిన పని గురించే రాయండన్నా" అన్నారు వాళ్లు. మాకు తెలిసింది ఇంటర్నెట్ వైరు పని. కరీంనగర్, జగిత్యాల, మంచిర్యాల, ఆదిలాబాద్ వైపు ఇళ్లకు వైర్లు లాగుతాం, ఆగిపోయిన చోట బాగు చేస్తాం. ఈ మధ్య మాకు తరచుగా వచ్చే పిలుపు ఒకటుంది. టీవీకి పెట్టుకునే గేమ్ బాక్సుకు నెట్ వస్తలేదు, వచ్చి చూడండి అని. దాని గురించే రాస్తున్నాం. ఆటల మీద వ్యాసమా అని నవ్వకండి. మా మూడు ఇళ్లలో పొయ్యి వెలుగుతున్నది ఈ పనితోనే.

మేము హాస్టల్‌లో ఉన్న రోజుల్లో హాలు మొత్తానికి ఒక్కటే టీవీ. బస్టాండు దగ్గర వీడియో గేమ్ షాపు ఉండేది. గంటకింత అని తీసుకునేవారు. మా దగ్గర డబ్బులు ఉండేవి కావు కాబట్టి గుమ్మం దగ్గర నిలబడి ఎవరో ఆడుతుంటే చూసేవాళ్లం. ఆ షాపుల్లో ఎక్కువగా కనిపించిన ప్లేస్టేషన్-2 ప్రపంచంలోకి 2000లో వచ్చింది. దానికి నెట్ లేకపోయినా డిస్కు వేస్తే ఆట నడిచేది. 2005లో వచ్చిన ఎక్స్‌బాక్స్-360కి, 2006లో వచ్చిన ప్లేస్టేషన్-3కి వెనుక వైపే లాన్ వైరు పెట్టే రంధ్రం ఉంది. అక్కడి నుంచి ఆట తీరు మారింది. నీతో ఆడేవాడు నీ పక్కనే కూర్చోవలసిన అవసరం లేకుండా పోయింది.

నెట్ కూడా మన వైపు మెల్లగానే వచ్చింది. మన దేశంలో మామూలు జనానికి ఇంటర్నెట్ మొదలైంది 1995 ఆగస్టు 15న. 2004 నాటి కేంద్ర ప్రభుత్వ విధానం ప్రకారం సెకనుకు 256 కిలోబిట్లు వస్తే దాన్ని బ్రాడ్‌బ్యాండ్ అన్నారు. ఈనాడు ఆ వేగంతో ఒక ఫోటో తెరుచుకునే లోపు చాయ్ తాగి రావచ్చు. టెలిఫోన్ తీగ పోయి, కేబుల్ టీవీ వాళ్ల వైరు వచ్చింది, ఇప్పుడు గాజు తీగ వచ్చింది. మిషన్ భగీరథ నీళ్ల పైపుల కోసం తవ్విన కందకాల్లోనే టీ-ఫైబర్ గొట్టాలు కూడా వేశారు. 2024 డిసెంబరులో టీ-ఫైబర్‌ను మొదటగా ప్రారంభించిన కొద్ది గ్రామాల్లో పెద్దపల్లి జిల్లా అడవి శ్రీరాంపూర్ ఒకటి. 2016 దాకా అది మన కరీంనగర్ జిల్లాలోదే.

ఇక అసలు సంగతికి వస్తాం.

జగిత్యాల దగ్గర ఒక ఇల్లు. ఆ ఇంటి పెద్ద కొడుకు దుబాయిలో పని చేస్తాడు. సెలవు మీద వచ్చినప్పుడు తమ్ముడి కోసం ప్లేస్టేషన్-4 తెచ్చాడు, అక్కడ తన గదిలో ఒకటి పెట్టుకున్నాడు. అన్నదమ్ములు వారానికి ఒక రాత్రి ఫుట్‌బాల్ ఆట ఆడుకుంటారు. మనకు రాత్రి పది అయితే అక్కడ ఎనిమిదిన్నర. ఆడేది ఫుట్‌బాలే గానీ, మాట్లాడుకునేది ఇంటి సంగతులు. అమ్మ మోకాలు ఎట్లుంది, పొలం కౌలుకు ఇచ్చారా, చెల్లె ఫీజు కట్టారా అని. రెండేళ్లుగా ఊరికి రాని మనిషి ఆ గంటన్నరలో ఇంట్లో ఉన్నట్టే ఉంటాడు. ఆ బాక్సుకు నెట్ ఆగిపోయి నెల దాటింది.

"బాక్సే ఖరాబైందన్నరన్నా. లోపల బోర్డు మార్చాలెనట, చాన పైసలైతయట" అన్నాడు తమ్ముడు. ఎవరో ఒక షాపులో అట్లా చెప్పి పంపారట. మేము ఆ మాటకు అవుననలేదు, కాదనలేదు. హాస్టల్‌లో నల్లా రాకపోతే మనం ఏం చేసేవాళ్లం? నల్లాను తిట్టేవాళ్లం కాదు. ట్యాంకులో నీళ్లున్నాయా, వాల్వు తిప్పి ఉందా, పైపు ఎక్కడైనా పగిలిందా అని ఒక చివర నుంచి చూసుకుంటూ పోయేవాళ్లం. ఇది కూడా అంతే.

మొదట రౌటర్ దగ్గర చూశాం. లాన్ వైరు పెట్టిన చోట చిన్న లైటు వెలగాలి. వెలగడం లేదు. అంటే సెట్టింగుల దాకా పోవలసిన పనే లేదింకా. వైరైనా చెడి ఉండాలి, రెండు చివర్లలో ఏదో ఒక రంధ్రమైనా చెడి ఉండాలి. పైఅంతస్తులో ఉన్న బాక్సును కిందికి తెచ్చి, రౌటర్ పక్కనున్న టీవీకి కలిపి, మా సంచిలోని మంచి వైరు, మూరెడు ముక్క, పెట్టాం. లైటు వెలిగింది. బాక్సు రంధ్రం బాగానే ఉందని ఒక్క నిమిషంలో తేలిపోయింది. ఆ పిల్లవాడి ముఖం చూడాలి మీరు.

అయితే లైటు వెలిగినా నెట్ రాలేదు. బాక్సులో నెట్‌వర్క్ సెట్టింగ్స్ తెరిచి చూస్తే ఐపీ అడ్రస్ ఎవరో చేత్తో రాసి పెట్టి ఉన్నారు. అది 192.168.0 వరుసలో ఉంది. ఆపరేటర్ కొత్తగా మార్చిన రౌటర్ 192.168.1 వరుసలో నడుస్తున్నది. దీన్ని మన భాషలో చెప్తాం. హాస్టల్‌లో చేరిన రోజు వార్డెన్ సార్ ప్రతి పిల్లవాడికి ఒక నంబరు ఇస్తారు. కంచం మీద, పెట్టె మీద అదే నంబరు. ఒకడు పాత హాస్టల్ నంబరు చెరపకుండా కొత్త హాస్టల్‌లో వరుసలో నిలబడితే వాడిని ఎవరు పిలుస్తారు? రౌటర్ కూడా వార్డెన్ లాంటిదే. తన దగ్గరికి వచ్చిన ప్రతి పరికరానికి తనే నంబరు ఇస్తుంది. అందుకే ఐపీ అడ్రస్‌ను ఆటోమేటిక్‌లో పెట్టాలి. పెట్టగానే బాక్సు నెట్‌లోకి పోయింది. ఇంకొక గుర్తు కూడా చెప్తాం. ఎప్పుడైనా నంబరు 169.254తో మొదలైతే దానికి అర్థం, వార్డెన్ కనబడక పిల్లవాడు తన నంబరు తనే రాసుకున్నాడని. అప్పుడు మళ్లీ వైరు దగ్గరికి, రౌటర్ దగ్గరికి పోవాలి.

ఇప్పుడు పైఅంతస్తు వైరు సంగతి. టెస్టర్ పెడితే ఎనిమిదింటిలో ఆరో లైటు వెలగలేదు. గోడ వెంట చూసుకుంటూ పోతే నీళ్ల ట్యాంకు దగ్గర అతుకు, దాని మీద టేపు. కోతులు పట్టుకుని ఊగడంతో లోపల తీగ తెగింది. మన వైపు కోతుల సంగతి మీకు చెప్పేదేముంది! వాటికి మామిడి కొమ్మయినా, లాన్ వైరయినా ఒకటే. అతుకు మీద అతుకు వేయకుండా కొత్త క్యాట్-6 వైరును ప్లాస్టిక్ పైపులో నుంచి ఒకే ముక్కగా లాగాం.

నేర్చుకునే తమ్ముళ్ల కోసం రంగుల వరుస రాస్తున్నాం, నోటికి పట్టుకోండి. తెలుపు-ఆరెంజ్, ఆరెంజ్, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-బ్రౌన్, బ్రౌన్. ఆకుపచ్చ జత 3, 6 స్థానాల్లో విడివిడిగా కూర్చుంటుంది. చూడటానికి బాగుంటుందని జతలన్నీ పక్కపక్కన పెట్టేవాళ్లున్నారు. రెండు చివర్లా అట్లాగే పెడితే టెస్టర్‌లో లైట్లన్నీ వెలుగుతాయి, కానీ ఒక జత మాట ఇంకొక జతలోకి పోయి నెట్ సరిగా నడవదు. సెకనుకు 100 మెగాబిట్ల దాకా 1, 2, 3, 6 తీగలే పని చేస్తాయి. అంతకు మించిన గిగాబిట్ వేగానికి ఎనిమిదీ కావాలి. ఒక ముక్క 100 మీటర్లు దాటకూడదు.

చివరికి బాక్సులో ఇంటర్నెట్ టెస్ట్ నడిపాం. అన్నీ సక్సెస్ అని వచ్చాయి, ఒక్కటి తప్ప. నాట్ టైప్ 3 అని చూపింది. ఇది ఉంటే సినిమాలు చూడవచ్చు గానీ, కొన్ని ఆటల్లో అవతలి మనిషితో కలవడం, మాట వినిపించడం కష్టం. మన హాస్టల్ గేటు గుర్తు తెచ్చుకోండి. పిల్లలు బయటికి పోవచ్చు, కానీ చుట్టం వచ్చి పేరు చెప్తే వాచ్‌మన్ లోపలికి పంపడు. అట్లాంటిది టైప్ 3. రౌటర్‌లో యూపీఎన్‌పీ అనే అమరిక ఆపి ఉంది. దాన్ని ఆన్ చేసి రౌటర్‌ను, బాక్సును ఒకసారి ఆపి మళ్లీ పెడితే టైప్ 2 వచ్చింది. ఆడుకోవడానికి అది చాలు. ఒకవేళ రౌటర్ బయటి అడ్రస్ 100.64 నుంచి 100.127 మధ్యలో ఉంటే ఆపరేటరే ఒక్క అడ్రస్‌ను చాలా ఇళ్లకు పంచుతున్నాడని అర్థం. అప్పుడు ఇంట్లో ఎంత చేసినా తక్కువే. ఆపరేటర్‌నే అడగాలి.

ఇక్కడ ఇంకొక మాట రాయకపోతే ఈ వ్యాసం సగమే అవుతుంది. మొదటి రోజు మేము లోపలికి పోతుంటే అరుగు మీద కూర్చున్న నానమ్మ అడిగింది, "ఏ ఊరు బిడ్డా? ఇంటిపేరేంది?" అని. ఆ ప్రశ్న దేనికోసమో హాస్టల్‌లో చదివిన వాళ్లకు ఎవరూ చెప్పనక్కరలేదు. మేము ఊరు చెప్పాం, ఇంటిపేరు చెప్పాం. "సోషల్ వెల్ఫేర్ హాస్టల్ల సదువుకున్నం అమ్మా" అని కూడా మేమే చెప్పాం. ఆమె ఇంకేమీ అనలేదు. ఆ రోజు చాయ్ అరుగు మీదికే వచ్చింది, కాగితం కప్పుల్లో. ఇంట్లోవాళ్లు స్టీలు గ్లాసుల్లో తాగారు. మేము తాగి పని చేసుకున్నాం.

రెండో రోజు రాత్రి టైప్ 2 వచ్చాక టీవీలో నుంచి పెద్ద కొడుకు మాట వినపడింది. "అరేయ్, వినపడుతున్నదారా?" అన్నాడు. తమ్ముడు అరిచిన అరుపుకు వాళ్ల అమ్మ వంటింట్లో నుంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. నానమ్మ మెట్లెక్కలేక కింద నుంచే "మనోడేనా?" అని అడిగింది. హెడ్‌ఫోన్ ఆమెకు కిందికి తెచ్చి ఇవ్వడానికి ఆ వైరు చాలదు. అందుకని మేమే బాక్సును మళ్లీ కింది టీవీకి కలిపాం. ఆమె మనవడితో మాట్లాడింది. తర్వాత మమ్మల్ని చూసి, "నిలబడ్డరేంది, కుర్సీల కూసోండ్రి" అన్నది. హాల్లోనే చాయ్ తాగాం. గ్లాసులు స్టీలువే.

దీన్ని పెద్ద మార్పని మేము చెప్పము. ఒక వైరు అతికితే కులం తెగిపోదు. మర్నాడు ఆమె మళ్లీ ఎవరినో ఇంటిపేరు అడిగే ఉంటుంది. కానీ ఆ కుర్చీ మాకు ఎవరూ దయతో వేయలేదు. పని తెలిసినందుకు వచ్చింది. ఊరు, ఇంటిపేరు దాచకుండా, చేతిలో పనితో లోపలికి పోగలిగాం. మాకు అది చిన్న సంగతి కాదు.

పని తెలియడమంటే బాగు చేయడం ఒక్కటే కాదు, బాగు కాదని చెప్పగలగడం కూడా. ఉట్నూరు వైపు ఒక ఇంట్లో వానాకాలంలో పిడుగు పడింది. డాబా మీదుగా పోయిన రాగి లాన్ వైరు గుండా కరెంటు వచ్చి రౌటర్ రంధ్రం, గేమ్ బాక్సు రంధ్రం రెండూ కాలాయి. మంచి వైరు పెట్టి చూశాం, ఇంకొక రౌటర్ పెట్టి చూశాం. లైటు రాలేదు. "రంధ్రం పోయింది, వైఫై మీద నడుస్తుంది, రౌటర్‌ను దగ్గరికి జరుపుకోండి" అని చెప్పి, పైసలు తీసుకోకుండా వచ్చేశాం. ఆ ఇంటివాళ్లే తర్వాత మాకు నాలుగు ఇళ్ల పని చెప్పారు. గాజు తీగలో కరెంటు పారదు గానీ, రౌటర్ నుంచి పోయే రాగి తీగలో పారుతుంది. కాబట్టి మబ్బు పడితే ప్లగ్గులు, లాన్ వైరు తీసేయమని ప్రతి ఇంట్లో చెప్పండి. అట్లాగే నింటెండో స్విచ్ తెచ్చి లాన్ రంధ్రం కనబడడం లేదని పిలుస్తారు. 2017లో వచ్చిన మొదటి రకానికి ఆ రంధ్రమే లేదు, యూఎస్‌బీకి పెట్టే లాన్ అడాప్టర్ కొనాలి. 2021లో వచ్చిన ఓలెడ్ రకం డాక్‌కు ఉంది. లేనిదాన్ని లేదని చెప్పినా అది పనే.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! డిగ్రీ చదవండి, ఇంజనీరింగ్ చదవండి, గ్రూప్స్ రాయండి. మాకంటే పైకి పోవాలనే మా కోరిక. దాంతోపాటు చేతికి ఒక పని కూడా నేర్చుకోండి. కరెంటు స్తంభం మాత్రం ఎవరు ఎంత తొందర పెట్టినా ఎక్కవద్దు. కరెంటు తీగతో కలిపి లాన్ వైరు కట్టవద్దు. ఎవరైనా "బాక్సే ఖరాబైంది" అంటే నమ్మే ముందు వైరు చూడండి, లైటు చూడండి, నంబరు చూడండి, ఆ తర్వాత గేటు చూడండి. ఈ వరుస తప్పకండి.

వార్షికోత్సవం తర్వాత వచ్చే ఆదివారం మేము ముగ్గురం హాస్టల్‌కు వస్తున్నాం. రెండు క్రింపింగ్ టూళ్లు, ఒక టెస్టర్, ఒక డబ్బా ఆర్‌జె-45 కనెక్టర్లు, మిగిలిన క్యాట్-6 వైరు తెస్తాం. రంగుల వరుస నోటికి వచ్చిన వాళ్లు ముందు కూర్చోండి. రానివాళ్లు కూడా రండి, అక్కడే నేర్పుతాం.

జై భీమ్.