రిమ్ము తర్వాత, ముందు టైరు ఎత్తు చూడమనండి

వదినగారూ, ఒక్కసారి ఇలా గోడ దగ్గరికి రండి. పొద్దున్న ట్రక్కు మీంచి దించుతుంటే చూశాను మీ చిన్నాడి మస్టాంగ్‌ని. 1966దేనా? రంగు కాస్త వెలిసింది గానీ బండి బాగుందండీ. తలుపుల కింద అంచుల్లో ఎక్కడా తుప్పు కనబడలేదు. ఏం, పొయ్యి మీద పప్పుందా? అయితే మంట తగ్గించి రండి. ఇది రెండు మాటల్లో తేలే కబురు కాదు.

దానికి 20 అంగుళాల రిమ్ములు వేయిస్తానని మీవాడు నిన్న మావాడితో అన్నాట్ట. విన్నప్పట్నుంచీ నా మనసు మనసులో లేదు. టైర్ల షాపులో లెక్కలు రాసినన్నాళ్లూ నా కౌంటరు ముందు నడిచిన వాదనే ఇది. కుర్రాళ్లు రావడమే ‘ఎన్ని అంగుళాల రిమ్ము పడుతుందండీ’ అంటూ వస్తారు. మా మేస్త్రీ మటుకు టేపు తీసుకుని బయటికెళ్లి, నేల నుంచి ఫెండరు ఒంపు దాకా కొలిచి, ‘నీకెంత ఎత్తు టైరు కావాలో ముందు చెప్పు, రిమ్ము సంగతి నేను చెప్తా’ అనేవాడు. ఆయన మాటే మాట.

మీవాడి కారు ఫ్యాక్టరీలోంచి వచ్చినప్పుడు 14 అంగుళాల రిమ్ము మీద 6.95-14 టైరు ఉండేది. నేల మీంచి టైరు నెత్తి దాకా 25 అంగుళాల పైచిలుకు. ఆ ఫెండరు ఒంపు గీసినవాళ్లు ఆ ఎత్తును కళ్ల ముందు పెట్టుకునే గీశారు. ఇప్పుడు 20 రిమ్ము మీద అదే ఎత్తు రావాలంటే 225/30ఆర్20 టైరు వేయాలి. ఆ అంకెలకి అర్థం ఏమిటంటే, టైరు వెడల్పు 225 మిల్లీమీటర్లు, అందులో 30 శాతం పక్కగోడ ఎత్తు. అంటే 67న్నర. పైనొకటి, కిందొకటి, కలిపి 135. రిమ్ము 20 అంగుళాలంటే 508. మొత్తం 643 మిల్లీమీటర్లు. పాత టైరుకి ఇంచుమించు సరిసమానం. మరి పేచీ ఎక్కడంటారా? అదే ఎత్తుకి 14 రిమ్ము మీద పక్కగోడ 144 మిల్లీమీటర్లు ఉండేది. ఇప్పుడు సగానికి సగం పోయింది! రిమ్ముకి రబ్బరు గాజు తొడిగినట్టుంటుంది. గోతిలో పడితే ఆ దెబ్బ తినాల్సిన రబ్బరు లేదు కాబట్టి రిమ్మే తింటుంది. బెండు తీయించుకోవడానికి తిరగలేక తిరగాలి. పైగా పెద్ద రిమ్ముకి బరువెక్కువ. ఆ బరువంతా స్ప్రింగుల కింద ఉండే బరువు. 1966 నాటి స్ప్రింగులూ షాక్ అబ్జార్బర్లూ దాన్ని అదుపులో పెట్టలేవు.

మన అంబాసిడర్ గుర్తుందా? 15 రిమ్ము, 5.90-15 టైరు. గోతుల రోడ్డు మీద అది అంత నిబ్బరంగా పోయేదంటే ఆ ఎత్తైన పక్కగోడ చలవ కూడా ఉందండీ. పద్మినికి 14. వాటికి కూడా ఇప్పుడు మనవైపు కుర్రాళ్లు పెద్ద పెద్ద అల్లాయ్‌లు తొడుగుతున్నారు, ఫొటోల్లో చూస్తూనే ఉన్నాను. నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

పోనీ రిమ్ము పెద్దది వేసి, టైరు కూడా ఎత్తైనదే వేస్తే? మీవాడు అదీ అడుగుతాడు, చూస్తూ ఉండండి. 28 అంగుళాల ఎత్తు టైరు వేశాడనుకోండి, స్పీడోమీటరు పాత లెక్కే చెప్తుంది. ముల్లు 60 దగ్గర ఉంటే బండి 66 మీద పోతూంటుంది. టిక్కెట్టు రాసేవాడికి ఈ కథంతా చెప్పుకోలేం కదా. పైగా స్టీరింగ్ తిప్పినప్పుడల్లా ఫెండరుకి రాసుకుంటుంది.

హాట్ రాడ్‌లా చేస్తాడట! చెయ్యనీండి, సంతోషమే. కానీ హాట్ రాడ్ చేసినవాళ్లు పెద్ద రిమ్ములు వెతుక్కోలేదు వదినగారూ, చిన్నవే వెతుక్కున్నారు. ఆ పిచ్చి పుట్టింది ఎక్కడో కాదు, ఇదిగో ఈ కొండలు దాటితే వచ్చే మొహావీ ఎడారిలోనే. మ్యూరాక్, ఎల్ మిరాజ్ అని ఎండిపోయిన సరస్సులున్నాయి. నేల పలకలా చదునుగా ఉంటుంది. 1930లలో లాస్ ఏంజెలెస్ కుర్రాళ్లు పాత ఫోర్డులు కొని, మడ్‌గార్డులు ఊడబీకి, అక్కడికి తోలుకెళ్లి ఎవరిది ఎక్కువ వేగమో తేల్చుకునేవాళ్లు. ఆ పందేలకి ఒక పద్ధతి పెట్టడానికి 1937లో సంఘం కూడా కట్టుకున్నారు, సదరన్ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్ అని. అది ఇప్పటికీ నడుస్తోంది.

ఆ ఫోర్డుల రిమ్ములు చూడండి ఎలా దిగుతూ వచ్చాయో. 1928 మోడల్ ఏకి 21 అంగుళాలు, 1930కి 19, వీ8 ఇంజను వచ్చిన 1932 బండికి 18, మరుసటేడు 17, 1935కి 16. అంకె తగ్గిన కొద్దీ టైరు లావెక్కింది, ప్రయాణం మెత్తబడింది. ఈ కుర్రాళ్లు 1932 బండి కొని దాని 18 రిమ్ములు పీకేసి, కొత్త ఫోర్డుల 16 రిమ్ములు తెచ్చి బిగించేవాళ్లు. ముందు సన్నటి చిన్న టైరు, వెనక లావుపాటి ఎత్తు టైరు. సోకు కోసం కాదండోయ్. వెనక టైరు ఎత్తుగా ఉంటే ఇంజను ఒక్క చుట్టు తిరిగినప్పుడు బండి ఎక్కువ దూరం పోతుంది, అంటే గేరు మార్చకుండానే పై వేగం పెరిగినట్టు. ముందు టైరు చిన్నదైతే బరువు తక్కువ, గాలికి అడ్డూ తక్కువ. అలా ముక్కు నేలకి వంగి, వెనక లేచి ఉండే వాలు వచ్చింది. దాన్ని రేక్ అంటారు. హాట్ రాడ్ అనగానే కంటికి కనబడేది ఆ వాలే. మడ్‌గార్డులు లేవు కాబట్టి చక్రం మొత్తం బయటికే ఉంటుంది. ఏ కొంచెం కొలత తప్పినా దాచుకోవడానికి చోటుండదు. అందుకే పాతకాలం పద్ధతిలో చేసేవాళ్లు ఇవాళ్టికీ ముందు 5.50-16, వెనక 7.50-16 అని టైర్ల కొలతే ముందు చెప్తారు.

షెవర్లే వాళ్లు కూడా 1955, 56 కార్లకి 15 రిమ్ము ఇచ్చి, 1957కి 14కి దించారు. బండి నేలకి దగ్గరగా కూర్చున్నట్టు కనబడాలని. అందరూ నెత్తిన పెట్టుకునేది ఆ 57నే కదా!

అయితే మీవాణ్ణి 14 తోనే ఉండమనడం లేదు నేను. 15 వేయమనండి. 15 అంగుళాల ఎత్తు, 7 వెడల్పు రిమ్ము, దాని మీద 215/60ఆర్15. లెక్క కట్టుకోండి, 639 మిల్లీమీటర్లు వస్తుంది, పాత ఎత్తుకి నాలుగే తేడా. ఫెండరు నిండుగా కనబడుతుంది, పక్కగోడ 129 మిల్లీమీటర్లు మిగులుతుంది. 1965లో షెల్బీ తయారుచేసిన జీటీ350 మస్టాంగ్‌కి ఉన్నవి కూడా 15 రిమ్ములే. 1968 నాటి బుల్లిట్ సినిమాలో స్టీవ్ మెక్వీన్ శాన్‌ఫ్రాన్సిస్కో మెట్టల మీంచి దూకించిన మస్టాంగ్ చూశారా? ఆ అయిదు ఊచల రిమ్ము అమెరికన్ రేసింగ్ కంపెనీ వాళ్ల టార్క్ థ్రస్ట్. ఆ తీరు రిమ్ము ఇప్పటికీ కొత్తది దొరుకుతుంది. నా కంటికి ఆ కారుకి దాన్ని మించిన నగ లేదు.

ఒక్క కారణానికి మాత్రం 17 ఒప్పుకుంటాను. ముందు చక్రాలకి 13 అంగుళాల పెద్ద డిస్కు బ్రేకులు వేయిస్తే అవి 15 రిమ్ములో పట్టవు. పైగా గట్టిగా తోలేవాళ్లకి మంచి పట్టున్న టైర్లు ఇప్పుడు 17, 18 లోనే విరివిగా వస్తున్నాయి. అలాంటప్పుడు 225/45ఆర్17 వేస్తే 634 వస్తుంది. బ్రేకు కోసం రిమ్ము పెంచడంలో న్యాయం ఉంది. ఊరికే పెంచడంలో ఏముందండీ?

ఇంతకీ అది వీ8ఆ, ఆరు సిలిండర్లదా? మీకు తెలియకపోతే చక్రానికి నట్లు లెక్కపెట్టండి. ఆ ఏళ్లలో వీ8కి అయిదు, ఆరు సిలిండర్లకి నాలుగు. నాలుగున్న కారుకి అయిదు రంధ్రాల రిమ్ము కొనుక్కొచ్చి తల పట్టుకున్నవాళ్లు మా షాపుకి చాలామందే వచ్చారు. నట్ల వలయం అడ్డకొలత కూడా కావాలి. ఈ కారుకి నాలుగున్నర అంగుళాలు, షెవీలకి నాలుగుముప్పావు. నాలుగు నట్లయితే ఎదురెదురువి కొలిస్తే సరిపోతుంది. అయిదుంటే ఎదురుగా నట్టు ఉండదు కాబట్టి, పక్కపక్కనున్న రెండు నట్ల నడిబొడ్డుల మధ్య దూరం కొలిచి 1.7తో హెచ్చవేయాలి.

ఇంకో కొలత ఉంది, అందరూ మరిచిపోయేది అదే. బ్యాక్‌స్పేసింగ్. రిమ్ముని బోర్లా పెట్టి, వెనక అంచు మీద అడ్డంగా ఒక బద్ద పెట్టి, అక్కణ్ణుంచి హబ్బుకి ఆనే చోటు దాకా లోతు కొలవాలి. లోతు ఎక్కువైతే చక్రం లోపలికి పోయి వెనక స్ప్రింగు పట్టీకి రాసుకుంటుంది, తక్కువైతే బయటికొచ్చి ఫెండరు అంచుని కోస్తుంది. బయటికొచ్చిన కొద్దీ బేరింగుల మీద భారం, స్టీరింగు చేతిలోంచి లాక్కుంటుంది. 7 వెడల్పు రిమ్ముకి ఈ కారులో నాలుగు, నాలుగుంబావు అంగుళాలు హాయిగా నప్పుతుంది. వెనక 8 వెడల్పు వేయాలంటే మాత్రం చాలాసార్లు ఫెండరు అంచు మడవాల్సి వస్తుంది. కారు నేల మీద నించున్నప్పుడే కొలవాలి సుమండీ. జాకీ మీద ఉంటే స్ప్రింగులు వేలాడి కొలత మారిపోతుంది.

నట్లు కూడా రిమ్ముని బట్టే. పాత ఉక్కు రిమ్ముకి కోను మొనవి, కొన్ని మ్యాగ్ రిమ్ములకి గొట్టం కాడతో వాషరున్నవి. ఒకదానివి ఇంకోదానికి బిగిస్తే బిగిసినట్టే ఉండి దారిలో వదులైపోతాయి. ఇది మటుకు మీవాడి చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పండి.

ఆ కారుకి ఇప్పుడున్న టైర్లు చూశాను. గుండీలు బాగా లోతుగానే ఉన్నాయి, కానీ పక్కగోడ మీద సన్నటి పగుళ్లు. పాత కార్లు ఎక్కువ తిరగవు, టైరు అరగకముందే ముసలిదైపోతుంది. పక్కన డాట్ అనే అక్షరాలతో మొదలయ్యే వరస చివర నాలుగంకెలుంటాయి. 2314 అని ఉంటే 2014లో 23వ వారం తయారైందని. అలాంటి టైరు మీద ఫ్రీవే ఎక్కనివ్వకండి, రిమ్ములు కొనేదాకా అయినా సరే.

తొందరపడి ఆన్‌లైన్‌లో ఆర్డరు పెట్టొద్దనండి. పొమోనా ఫెయిర్‌ప్లెక్స్‌లో ఆదివారం స్వాప్ మీట్ పడినప్పుడు నేనూ వస్తాను, తెల్లారకముందే బయల్దేరదాం. పాత రిమ్ములు వరసలు వరసలుగా పరిచి ఉంటాయి. మస్టాంగ్‌లు 14 వేసినవి, 15 వేసినవి, 17 వేసినవి పక్కపక్కనే నిలబడి ఉంటాయి. ఒక్కోదాని చుట్టూ తిరిగి, మోకాళ్ల మీద కూర్చుని చూస్తే మీవాడికే తెలుస్తుంది. టేపు నేను తెస్తాను.

ఇంకోటి, డిక్కీలో ఆ పాత 14 స్టెప్నీ ఉందే, దాన్ని అమ్మేయొద్దనండి. డ్రమ్ము బ్రేకులు ఉన్నన్నాళ్లూ, కొత్త టైర్లు ఎత్తు కలిసేలా తీసుకుంటే, దానికి కొత్త టైరు వేయించి స్టెప్నీగానే ఉంచుకోవచ్చు.